తీవ్ర మృదుకణజాల గాయాల చికిత్స: ఉత్తరాంధ్ర నేపథ్యం

చర్మం, దాని అడుగున ఉండే కొవ్వు పొర, కండరాలు, వాటిని చుట్టి బిగించి ఉంచే ఫేసియా అనే దృఢమైన పొర, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, రక్తనాళాలు, నరాలు – ఎముక మినహా అవయవంలో ఉండే ఈ భాగాలన్నింటినీ కలిపి వైద్యశాస్త్రం మృదుకణజాలం అంటుంది. రోడ్డు ప్రమాదాల్లో, రైలు ప్రమాదాల్లో, యంత్రాల మధ్య నలిగిపోయిన సందర్భాల్లో, ఎత్తు నుంచి పడినప్పుడు ఈ భాగాలకు కలిగే పెద్ద దెబ్బలు తీవ్ర మృదుకణజాల గాయాల కిందికి వస్తాయి. కాలో చెయ్యో విరిగినప్పుడు రోగి, బంధువులు ముందుగా అడిగేది ఎముక గురించే అయినా, ఆ అవయవం నిలుస్తుందా లేదా అన్నది చాలా సందర్భాల్లో ఎముక చుట్టూ ఉన్న కండ, చర్మం, రక్తప్రసరణ ఏ స్థితిలో ఉన్నాయన్న దాన్ని బట్టే తేలుతుంది. విరిగిన ఎముక అతకడానికి కావలసిన రక్తం కూడా చాలావరకు ఆ కండ నుంచే అందుతుంది. అందువల్ల ఈ గాయాల చికిత్స అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: చనిపోయిన కణజాలాన్ని పూర్తిగా తీసివేయాలి, బతికి ఉన్నదాన్ని ఏ దశలోనూ చావనివ్వకూడదు. ఈ పని ప్రమాద స్థలంలో మొదలై, అంబులెన్సులో కొనసాగి, శస్త్రచికిత్స గదిలోనూ ఆ తర్వాత నెలల తరబడి సాగే వ్యాయామంలోనూ పూర్తవుతుంది.

గాయాల తీరు, ఉత్తరాంధ్రలో కారణాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ గాయాలకు మూలాలు అనేకం. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేటల మీదుగా ఇచ్ఛాపురం వరకు జనావాసాల పక్కనుంచే సాగుతుంది. భారీ లారీలు, ద్విచక్ర వాహనాలు, ఆటోలు, పాదచారులు ఒకే దారిని పంచుకుంటారు. అరసవిల్లి మీదుగా శ్రీకూర్మం వెళ్లే దారి వంటి ఇరుకైన దారుల్లో యాత్రికుల వాహనాలు, ధాన్యం ట్రాక్టర్లు, సైకిళ్లు కలిసి తిరుగుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్టు మీద నుంచి పడడం, పొలాల్లో నూర్పిడి యంత్రంలో చెయ్యి చిక్కుకోవడం, టెక్కలి పరిసరాల గ్రానైట్ క్వారీల్లో బండ మీద పడడం, విజయనగరం జిల్లా జనపనార మిల్లుల్లో రోలర్ల మధ్య అవయవం నలగడం ఈ గాయాలకు ఇతర దారులు.

ఒకేసారి ఎక్కువ మందికి ఇలాంటి గాయాలు తగిలిన ఘటనలూ ఇక్కడ జరిగాయి. 2017 జనవరి 21 రాత్రి అప్పటి విజయనగరం జిల్లాలోని కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది మరణించారు. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి వద్ద విశాఖపట్నం–పలాస ప్యాసింజరును విశాఖపట్నం–రాయగడ ప్యాసింజరు వెనుక నుంచి ఢీకొట్టగా 14 మంది మరణించారు, సుమారు 50 మంది గాయపడ్డారు. క్షతగాత్రులను విజయనగరం, విశాఖపట్నం ఆస్పత్రులకు తరలించారు. నుజ్జయిన బోగీల్లో గంటల తరబడి ఇరుక్కుపోయినవారికి తగిలే దెబ్బలు రోడ్డు ప్రమాదపు దెబ్బలకు భిన్నమైనవి. వాటి ప్రత్యేక ప్రమాదాన్ని ఈ వ్యాసంలో తర్వాత వివరించడం జరిగింది.

వైద్యులు ఈ గాయాలను ముందుగా రెండుగా విభజిస్తారు. చర్మం చిట్లి లోపలి భాగాలు బయటపడినవి తెరిచిన గాయాలు; చర్మం పైకి బాగానే కనిపిస్తూ లోపల కండరాలు నలిగినవి మూసిన గాయాలు. లారీ చక్రం తొడ మీదుగా వెళ్లినప్పుడు చర్మం చిరగకుండానే కింది ఫేసియా నుంచి ఊడిపోయి, ఆ ఖాళీలో రక్తమూ కరిగిన కొవ్వూ చేరుతాయి; 19వ శతాబ్దంలో వర్ణించిన ఫ్రెంచి శస్త్రవైద్యుని పేరిట దీన్ని మోరెల్–లవాలే గాయం అంటారు. పైకి కాస్త కమిలినట్టు మాత్రమే ఉండడంతో దీన్ని తొలిరోజు గుర్తించకపోవడం సాధారణం. కొద్దిరోజులకు పైచర్మం నల్లబడి రాలిపోయినప్పుడు గానీ దాని విస్తీర్ణం తెలియదు. యంత్రం లాగేసినప్పుడు చెయ్యి చర్మం తొడుగులా ఒలిచినట్టు ఊడివచ్చే గాయాన్ని డీగ్లవింగ్ అంటారు. అలా ఊడిన చర్మాన్ని తిరిగి యథాస్థానంలో కుట్టేస్తే అది బతుకుతుందన్న ఆశ తరచూ వమ్మవుతుంది, ఎందుకంటే దానికి రక్తాన్ని అందించే సన్నని నాళాలు అప్పటికే తెగిపోయి ఉంటాయి.

ప్రమాద స్థలంలో

గాయపడిన వ్యక్తి ప్రాణానికి తక్షణ ముప్పు రక్తస్రావమే. శుభ్రమైన గుడ్డను గాయం మీద ఉంచి, అరచేతితో గట్టిగా, ఎడతెగకుండా నొక్కిపట్టడం తొలి చర్య. నిమిషానికోసారి తీసి చూడడం వల్ల కడుతున్న గడ్డ విడిపోతుంది. నొక్కినా ఆగకుండా చేతి నుంచి గానీ కాలి నుంచి గానీ రక్తం చిమ్ముతుంటే గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి పట్టీతో టోర్నికే, అంటే రక్తప్రవాహాన్ని ఆపే కట్టు బిగించాలి. బిగించిన సమయాన్ని కచ్చితంగా రాసి పంపడం బిగించడమంత ముఖ్యం: రెండు గంటలు దాటితే ఆ పట్టీ కింది కండరాలకే హాని మొదలవుతుంది. సన్నటి తాడు, తీగ వాడరాదు. అవి చర్మాన్ని, నరాన్ని కోస్తాయి. సగం బిగించిన పట్టీ అసలు లేకపోవడం కన్నా హానికరం, ఎందుకంటే అది లోపలికి రక్తం తెచ్చే ధమనిని మూయకుండా, వెనక్కి తీసుకుపోయే సిరను మాత్రమే మూసి రక్తస్రావాన్ని పెంచుతుంది.

గాయం మీద పసుపు, కాఫీ పొడి చల్లడం, గడ్డి చామంతి ఆకు పసరు పిండడం పల్లెల్లో నేటికీ కనిపించే అలవాట్లు. చిన్న గీతల విషయంలో ఇవి పెద్దగా నష్టం చేయకపోవచ్చు గానీ, లోతైన గాయంలో ఈ పొడులు కండరాల సందుల్లోకి చేరి, కడిగినా వదలక, క్రిములకు ఆశ్రయమవుతాయి; గాయం అసలు రంగు తెలియక శస్త్రవైద్యుని అంచనాకు కూడా అడ్డుపడతాయి. పైకి కనిపించే పెద్ద మట్టిపెళ్లలను తీసి, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, విరిగిన అవయవాన్ని చెక్క బద్దలతో కదలకుండా కట్టి పంపడమే సరైన పద్ధతి. పూర్తిగా తెగిపోయిన వేలు లేదా చెయ్యి దొరికితే దాన్ని సెలైన్ తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీటిలో ఉంచాలి. మంచు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది. వేలిలో కండరం ఉండదు కాబట్టి చల్లగా భద్రపరిస్తే అది ఒక రోజు దాకా తిరిగి అతికించడానికి పనికివస్తుంది. కండ ఎక్కువగా ఉన్న మోచేయి, మోకాలి పైభాగాలకు మాత్రం గడువు కొద్ది గంటలే.

ఆస్పత్రిలో తొలి గంటలు

ఆస్పత్రికి చేరగానే శ్వాస, రక్తప్రసరణ, తల, ఛాతీ, పొట్ట గాయాలను ముందు చూస్తారు. కాలి గాయం ఎంత భయంకరంగా కనిపించినా ప్రాణం తీసేది లోపల దాగి ఉన్న మరో గాయం కావచ్చు. తీవ్ర రక్తస్రావం ఉన్నవారికి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందును దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఇస్తే మరణాలు తగ్గుతాయని, ఆ తర్వాత ఇస్తే ప్రయోజనం లేకపోగా హాని జరగవచ్చని 20,000 మందికి పైగా రోగులపై జరిపి 2010లో ప్రచురించిన క్రాష్–2 అధ్యయనం, దాని సమాచారంపై తర్వాత చేసిన విశ్లేషణ తేల్చాయి. మొదట ఒక గ్రామును పది నిమిషాల్లో, తర్వాత మరో గ్రామును ఎనిమిది గంటల్లో ఎక్కిస్తారు. ఈ మందు చవకైనది, మారుమూల ఆస్పత్రిలోనూ నిల్వ ఉంచుకోగలిగినది కాబట్టి పెద్దాస్పత్రికి పంపే ముందే ఇవ్వడం సాధ్యమవుతుంది.

తెరిచిన గాయానికి యాంటీబయాటిక్‌ను వీలైతే గంట లోపే మొదలుపెట్టాలి. ధనుర్వాతం టీకా సరిగా వేయించుకోని వ్యక్తికి మట్టి పట్టిన గాయమైతే టీకాతో పాటు సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను, అంటే ఇమ్యునోగ్లోబులిన్‌ను కూడా ఇస్తారు. గాయాన్ని ఒకసారి ఫోటో తీసి, కట్టు కట్టి, శస్త్రచికిత్స గదికి చేరేవరకు మళ్లీ మళ్లీ విప్పకుండా ఉండడం వల్ల ఆస్పత్రి క్రిములు సోకే అవకాశం తగ్గుతుంది.

విరిగిన ఎముకతో కూడిన తెరిచిన గాయాలను కొలవడానికి గస్టిలో, యాండర్సన్ అనే వైద్యులు 1976లో రూపొందించి, 1984లో విస్తరించిన వర్గీకరణ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గాయం ఒక సెంటీమీటరు లోపు ఉంటే మొదటి రకం. అంతకు మించినా కండరాల నష్టం ఎక్కువగా లేనిది రెండో రకం. పెద్ద దెబ్బతో కండ విస్తృతంగా నలిగినది మూడో రకం. ఈ మూడో రకంలోనే ఎముకను కప్పడానికి ఉన్న కండ, చర్మం సరిపోయేది, వేరే చోటి నుంచి తెచ్చి కప్పవలసినది, ప్రధాన రక్తనాళం తెగి దాన్ని కుట్టవలసినది అని మూడు ఉపవిభాగాలున్నాయి. మూడో రకపు మధ్య విభాగంలో నష్టపు స్థాయిలు మరీ విభిన్నంగా ఉంటాయి. ఆ లోటును పూరించడానికి కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రికి చెందిన డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం చర్మం, ఎముక, కండరాలు–స్నాయువులు–నరాలు అనే మూడు భాగాలకు విడివిడిగా మార్కులు వేసి, రోగి వయసు, ఇతర జబ్బులు, షాక్ వంటివాటికి మరికొన్ని కలిపే గంగా స్కోరును రూపొందించింది. ఇందులో 14 లేదా అంతకు తక్కువ వస్తే అవయవాన్ని నిలపవచ్చని, 17 లేదా ఎక్కువ వస్తే తొలగించడమే మేలు కావచ్చని, మధ్యలో వచ్చినవారి విషయంలో అనుభవజ్ఞుల బృందం నిర్ణయించాలని చెబుతారు. భారతీయ రోడ్ల మీద తగిలే దెబ్బల నుంచే పుట్టిన కొలమానం కావడం దీని విశేషం.

చనిపోయిన కణజాలాన్ని తీసివేయడం

ఈ చికిత్సకు గుండెకాయ వంటిది డెబ్రైడ్‌మెంట్, అంటే చనిపోయిన, మురికి పట్టిన కణజాలాన్ని కోసి తొలగించడం. శస్త్రవైద్యుడు గాయాన్ని రెండు వైపులా పొడిగించి తెరిచి, చర్మం నుంచి ఎముక దాకా ఒక్కొక్క పొరను పరీక్షిస్తూ వెళతాడు. కండరం బతికి ఉందా అన్నది నాలుగు గుర్తుల వల్ల తెలుస్తుంది: రంగు ఎర్రగా ఉండాలి, వేలితో తాకితే మెత్తబడి ముద్దగా కాక బిగువుగా ఉండాలి, పట్టకారుతో చిన్నగా గిల్లితే ముడుచుకోవాలి, కోసిన అంచు నుంచి రక్తం ఊరాలి. ఈ గుర్తులు లేని కండను, అది ఎంత ముఖ్యమైన కండరమైనా, వదిలేయడానికి వీల్లేదు, ఎందుకంటే రక్తం అందని చోటికి యాంటీబయాటిక్ కూడా అందదు. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం క్రిములు గాలి ఆడని చచ్చిన కండలో పెరిగి గ్యాస్ గాంగ్రీన్ కలిగిస్తాయి.

తర్వాత గాయాన్ని లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతారు. వేగంగా చిమ్మే యంత్రం కావాలా, సబ్బునీరు మేలా అన్న ప్రశ్నకు 2015లో వెలువడిన ఫ్లో అధ్యయనం సమాధానమిచ్చింది: ఒత్తిడి ఎంతైనా ఫలితంలో తేడా లేదు, సబ్బు కలిపితే మళ్లీ శస్త్రచికిత్స అవసరమయ్యేవారు పెరిగారు. ఎత్తున వేలాడదీసిన సెలైన్ సీసా నుంచి జారే ధార సరిపోతుందని తేలడం జిల్లా ఆస్పత్రులకు చాలా పనికివచ్చే విషయం. తీవ్రంగా నలిగిన గాయంలో ఏది బతుకుతుందో తొలిరోజు పూర్తిగా తెలియదు కాబట్టి అనుమానం ఉన్నచోట గాయాన్ని కుట్టకుండా వదిలి, 48 గంటల లోపు మళ్లీ తెరిచి చూస్తారు. మొదటిరోజే బిగించి కుట్టిన మురికి గాయం లోపల చీము పట్టి, పైకి తెలిసేసరికి అవయవమే ప్రమాదంలో పడుతుంది. ఎముకను ఈ దశలో చర్మం బయట ఉండే ఊచల చట్రంతో తాత్కాలికంగా నిలబెడతారు.

కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్

మోకాలికీ మడమకూ మధ్య కండరాలు సాగని ఫేసియా గోడలున్న నాలుగు గదుల్లో అమరి ఉంటాయి. దెబ్బ వల్ల కండరం ఉబ్బితే ఆ గదిలో ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, కండరం, నరం తమ గదిలోనే ఊపిరాడక చనిపోతాయి. రోగి దెబ్బకు మించిన నొప్పితో, మందులకు లొంగని నొప్పితో మెలికలు తిరుగుతాడు. కాలి వేళ్లను వైద్యుడు మెల్లగా వెనక్కి వంచితే పిక్కలో భరించలేని బాధ పుడుతుంది. పాదం దగ్గర నాడి తగులుతుండడం చూసి ధైర్యపడరాదు, నాడి ఆగేసరికి కండరం చాలావరకు పోయి ఉంటుంది. గదిలోని ఒత్తిడి రోగి రక్తపోటు కింది అంకెకు 30 మిల్లీమీటర్ల లోపు దగ్గరైతే ఫేసియోటమీ చేయాలి: కాలికి బయటివైపు ఒకటి, లోపలివైపు ఒకటి పొడవైన కోతలు పెట్టి నాలుగు గదులనూ తెరుస్తారు. దాదాపు ఆరు గంటలు దాటితే కండరాలు తిరిగి కోలుకోవు.

దెబ్బ తగిలిన చేతికి, కాలికి బిగుతైన కట్టు వేయడం కూడా ఇదే ప్రమాదాన్ని తెస్తుంది. నాటుకట్టు వేయించుకున్న పిల్లల వేళ్లు నల్లబడి, చెయ్యి కొంకర్లు పోయి ఆస్పత్రికి చేరిన ఉదంతాలు దేశమంతటా వైద్యులకు తెలిసినవే. కట్టు ఎవరు వేసినా, ఆ తర్వాత వేళ్లు ఉబ్బినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా దాన్ని వెంటనే పూర్తిగా విప్పాలన్నది ప్రతి ఇంటికీ తెలిసి ఉండవలసిన నియమం.

క్రష్ సిండ్రోమ్, ఉద్దానం ప్రత్యేకత

పెద్ద కండరాలు గంటల తరబడి బరువు కింద నలిగితే వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీను, పొటాషియం రక్తంలోకి విడుదలవుతాయి. 1941లో లండన్ మీద బాంబు దాడుల్లో శిథిలాల కింద చిక్కినవారిని పరీక్షించిన బైవాటర్స్, బీల్ అనే వైద్యులు, బయటికి తీసినప్పుడు బాగానే ఉన్నవారు కొద్దిరోజులకే మూత్రం ఆగి మరణించడాన్ని గమనించి దీన్ని వర్ణించారు. మయోగ్లోబిన్ మూత్రపిండాల సన్నని నాళికలను మూసివేస్తుంది, మూత్రం టీ డికాషన్ రంగుకు మారుతుంది. పొటాషియం హఠాత్తుగా పెరిగితే గుండె ఆగవచ్చు. అందుకే బోగీలోనో బండ కిందో చిక్కుకున్న వ్యక్తికి బయటికి లాగకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి. పొటాషియం ఉండే ద్రవాలు వాడరాదు.

ఈ అంశం శ్రీకాకుళం జిల్లాలో మరింత బరువైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాలతో కూడిన ఉద్దానంలో కారణం నేటికీ తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా ఉంది. మధుమేహం, రక్తపోటు లేనివారిలో కూడా ఇది కనిపిస్తుంది, చాలాకాలం లక్షణాలు లేకుండానే ముదురుతుంది. అలాంటి వ్యక్తి కాలు నలిగి ఆస్పత్రికి వస్తే, తనకు జబ్బు ఉందని తనకే తెలియకపోవచ్చు. కాబట్టి ఈ ప్రాంతపు క్షతగాత్రులకు తొలి రక్త నమూనాలోనే మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్‌ను, పొటాషియంను చూడడం, మూత్రపు పరిమాణాన్ని గంటగంటకూ కొలవడం, ద్రవాలను గుడ్డిగా పోయకుండా ఆ కొలతను బట్టి సర్దడం అవసరం. తెరిచిన గాయాలకు ఆనవాయితీగా ఇచ్చే జెంటామైసిన్‌నూ, నొప్పికి విరివిగా వాడే డైక్లోఫెనాక్ వంటి మాత్రలనూ, అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి కాబట్టి, తప్పించి, ప్రత్యామ్నాయాలు ఎంచుకోవాలి. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వల్ల డయాలసిస్ కోసం ఇలాంటివారు విశాఖపట్నం దాకా వెళ్లవలసిన అవసరం తగ్గే అవకాశం ఏర్పడింది.

జంతువుల దాడులు, సముద్రజలం సోకిన గాయాలు

ఉద్దానం తోటల్లోకి, ఊళ్లలోకి ఎలుగుబంట్లు రావడం పరిపాటి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగుబంటి దాడిలో పలువురు గాయపడ్డారు. ఎలుగు గోళ్లు, కోరలు ఎక్కువగా ముఖాన్ని, తలను చీలుస్తాయి. ఇలాంటి గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. కుట్లు తప్పనిసరైతే ఆ తర్వాతే, వదులుగా వేయాలి. భావనపాడు, కళింగపట్నం వంటి తీరగ్రామాల మత్స్యకారులకు వలలో, పడవ అంచున తగిలిన గాయాల్లో సముద్రపు విబ్రియో క్రిములు చేరవచ్చు. మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవారిలో ఇవి ఒకటి రెండు రోజుల్లోనే అవయవమంతా పాకగలవు కాబట్టి, ఉప్పునీటి గాయమని వైద్యునికి చెప్పడం వల్ల సరైన మందు ఎంపిక సాధ్యమవుతుంది.

గాయాన్ని కప్పడం

శుభ్రమైన గాయానికి ఆచ్ఛాదన త్వరగా కావాలి. యుగోస్లావియాకు చెందిన మార్కో గొడీనా పేరిట 1986లో వెలువడిన విశ్లేషణ, తొలి 72 గంటల్లో కప్పిన గాయాల్లో ఇన్‌ఫెక్షన్లు, కప్పడానికి అమర్చిన కండ లేదా చర్మపు ముక్కల వైఫల్యాలు చాలా తక్కువని చూపింది. ఆరోగ్యమైన కండ మీద తొడ నుంచి పలుచగా తీసిన చర్మపు పొరను, అంటే స్కిన్ గ్రాఫ్ట్‌ను పరిస్తే సరిపోతుంది. తొడుగు పోయిన ఎముక మీద, స్నాయువు మీద అది బతకదు. అక్కడ తన రక్తనాళంతో సహా తరలించే కండ లేదా చర్మపు ముక్క, అంటే ఫ్లాప్ కావాలి. కాలి పైభాగానికి పిక్క కండరాన్ని, మధ్యభాగానికి దాని అడుగున ఉండే సోలియస్ కండరాన్ని తిప్పి కప్పుతారు; కింది మూడో భాగంలో తిప్పడానికి కండ లేనందున, వీపు నుంచో తొడ నుంచో తీసిన ముక్క రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టే ఫ్రీ ఫ్లాప్ అవసరమవుతుంది. ఫ్లాప్ పద్ధతుల్లో ఒకటైన, నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కును నిర్మించే పద్ధతి భారతదేశంలో పుట్టిందేనని ప్రపంచ శస్త్రచికిత్సా చరిత్ర అంగీకరిస్తుంది.

ఫ్లాప్ ఆలస్యమయ్యే సందర్భాల్లో గాయం మీద స్పాంజి ఉంచి, పొరతో మూసి, యంత్రంతో గాలిని పీల్చే పద్ధతి స్రావాలను లాగేస్తూ వాపును తగ్గిస్తుంది. అర్జెంటా, మోరిక్వాస్ 1997లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి వంతెన వంటిది మాత్రమే. చచ్చిన కండను తీయకుండా దీన్ని అమర్చడం వల్ల ప్రయోజనం లేదు.

తరలింపు, పునరావాసం

శ్రీకూర్మంలో గాయపడిన వ్యక్తికి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి దగ్గరే. సూక్ష్మ శస్త్రచికిత్స కావలసి వస్తే అక్కడి నుంచి విశాఖపట్నం మరో 100 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 1923లో ఆరంభమైన కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉత్తరాంధ్రకు నేటికీ ఆఖరి ఆశ్రయం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా సాగుతున్న పథకం పేదలకు దారి, ఖర్చు రెండింటి భారాన్నీ తగ్గించాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సదుద్దేశంతో క్షతగాత్రుణ్ని ఆస్పత్రికి చేర్చినవారిపై కేసు పెట్టరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. తెగిన ధమనిని కుట్టడానికి ఉన్న గడువు ఆరు గంటలే కాబట్టి, తాను చేయలేని చికిత్సకు రోగిని పంపే నిర్ణయాన్ని మొదటి ఆస్పత్రి మొదటి గంటలోనే తీసుకుని, టోర్నికే సమయం, ఇచ్చిన మందులు, గాయం ఫోటో ముందుగా పంపడం అవసరం.

అవయవాన్ని తొలగించవలసి వచ్చినా చికిత్స ఓడిపోయినట్టు కాదు. స్పర్శ లేక, పుండ్లు పడుతూ, పదేసి ఆపరేషన్లు కోరే కాలి కన్నా, సరైన చోట తొలగించి 1968 ప్రాంతంలో జైపూర్‌లో రూపొందిన కృత్రిమ పాదం అమర్చుకున్న రైతు త్వరగా పొలానికి వెళ్లగలడు. కాలు నిలిచినవారికి కీళ్లు బిగుసుకోకుండా తొలివారం నుంచే వ్యాయామం చేయించాలి. పని చేసే శక్తి కోల్పోయినవారికి సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం ఇప్పించి పింఛను అందేలా చూడడం కూడా చికిత్సలో భాగమే. పెద్ద ఆస్పత్రుల్లోని నైపుణ్యం ఎంత పెరిగినా, బతికి ఉన్న కండ చేతికి అందినప్పుడే శస్త్రవైద్యుడు దాన్ని కాపాడగలడు. అందువల్ల రహదారి వెంట ఉన్న ఆటో డ్రైవర్లకు, మత్స్యకారులకు, క్వారీ కార్మికులకు రక్తస్రావం ఆపడం నేర్పడం, ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలో గాయాన్ని కడిగి, కుట్టకుండా కప్పి పంపగల వైద్యుణ్ని ఉంచడం ఉత్తరాంధ్రలో అత్యధిక అవయవాలను నిలపగల చర్యలు.